పదహారు వారాల గడువు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ పదహారు వారాల గడువు గారి దివ్యసముఖానికి, నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ క్షేమమేనని తలుస్తాను, ఎందుకంటే ఎవరి ఇంట్లో ఏమి జరిగినా మీ ఆరోగ్యానికి మాత్రం ఇంతవరకు ఢోకా రాలేదు. ఏటేటా మీ శాఖవారి కాగితాల మీద పదహారేళ్ళ ప్రాయంతో కళకళలాడుతూనే ఉన్నారు. మనిద్దరికీ నడుమ నిలబడి మీ రాక కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ క్షేమం మాట్లాడడానికే ఈ ఉత్తరం.

మిమ్మల్ని ఎరగని తెలుగువారి కోసం ముందుగా మీ ప్రవర చెప్పాలి. మీ గోత్రం కెనడా ప్రభుత్వం, ఇల్లు మాజీ సైనికుల వ్యవహారాల శాఖ, ఊరు ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలోని షార్లెట్‌టౌన్. ఫెడరల్ శాఖల్లో ప్రధాన కార్యాలయం రాజధాని ప్రాంతంలో కాక మరోచోట ఉన్నది మీ ఒక్కరికే. సైన్యంలో పనిచేస్తూ వెన్నో, మోకాలో, వినికిడో, మనసో దెబ్బతిన్న మనిషి వైకల్య పరిహారానికి మొదటిసారి దరఖాస్తు పెట్టుకుంటే, అలాంటి దరఖాస్తుల్లో నూటికి ఎనభైకి 16 వారాల లోపల నిర్ణయం చెబుతామని శాఖ ఇచ్చిన మాటే మీరు. మాట ఇచ్చేటప్పుడే ఇరవై పక్కన పెట్టుకోవడం నాకు నచ్చింది. మా వైపు అప్పు తీసుకునేవాళ్ళు కూడా ఇంత ముందుచూపుతో మాట్లాడరు.

అసలు మీ ఇంట్లో అయిదో వంతులంటే మమకారం ఎక్కువని విన్నాను. గాయానికి సైనికోద్యోగం ఎంతవరకు కారణమో తేల్చి, అయిదింట ఒకటి, అయిదింట మూడు అని వంతులు వేసి పరిహారం కట్టే పద్ధతి మీది. ఒకే మోకాలి చిప్పలో మూడు వంతులు దేశానికి, రెండు వంతులు సొంతానికి అన్నమాట. నొప్పి మాత్రం ఈ పంపకాన్ని ఇంకా ఒప్పుకోలేదు. రాత్రిపూట అది పూర్తి మోకాలంతా వస్తుందని భోగట్టా.

మా భాషలో పదహారుకు చాలా మర్యాద ఉంది. రూపాయికి పదహారణాలున్న రోజుల నుంచి, కల్తీ లేనిదాన్ని పదహారణాలదని అంటాం. మా ఆడవాళ్ళకు పదహారు ఫలాల నోమని ఒకటుంది. ఓపికగా పట్టుకుని, రకరకాల పండ్లు పదహారేసి చొప్పున పంచి, చివర ఉద్యాపన చెప్పుకుని ముగిస్తారు. ఎంత కాలం పట్టినా దానికి ఉద్యాపన ఉంటుంది. మీ పేరు మొదటిసారి విన్నప్పుడు మీరూ ఆ కోవలోవారే అనుకుని సంతోషించాను. తరువాత వివరాలు తెలిశాయి.

మొదటి వివరం మీ గడియారం గురించి. దరఖాస్తు అందిన రోజున మీ గడియారం కదలదట. సైన్యంలో ఉన్నప్పటి వైద్య రికార్డులు రావాలి, వైద్యుడు నింపాల్సిన ప్రశ్నావళి రావాలి, రోగనిర్ధారణ పత్రం రావాలి. అన్నీ వచ్చి, ఫైలు పూర్తయిందని మీవారికి తోచినప్పుడు గానీ మొదటి వారం మొదటి రోజు తెల్లవారదట. అంటే విస్తరి పరిచి, నీళ్ళు చల్లి, నెయ్యి వడ్డించిన తరువాతే మనిషికి ఆకలి మొదలైనట్టు లెక్క. అంతకుముందు పొయ్యి దగ్గర కూర్చున్న పొద్దంతా, చట్టం దృష్టిలో, ఆ మనిషి కడుపునిండా తిని ఉన్నట్టే.

రెండో వివరం 2022లో బయటపడింది. ఆ ఏడాది ఆడిటర్ జనరల్ కేరెన్ హోగన్ పార్లమెంటు ముందు పెట్టిన నివేదికలో, మొదటిసారి దరఖాస్తు పెట్టుకున్నవారి నిరీక్షణను వరుసగా పేర్చి చూస్తే సరిగ్గా మధ్యన తేలిన అంకె 39 వారాలు. సగం మంది అంతకంటే ఎక్కువే ఆగారన్నమాట. ముప్ఫై తొమ్మిది వారాలంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పి ఉండరు, పురుషులు పెట్టుకున్న లెక్కల్లో పెరిగినవారు కదా, అందుకే నేను చెబుతున్నాను: నవమాసాలు నిండడం. మీ దగ్గర దరఖాస్తు పడేసిన నెలలో గర్భం ధరించిన మనిషి, మీ జవాబు కంటే ముందుగా బిడ్డను ఎత్తుకోగలదు. సృష్టిలో ఒక మనిషికి వెన్నెముక తయారవడానికి పట్టే కాలంలో, ఇంకో మనిషి వెన్నెముక విరిగిందా లేదా అన్నది మీరు తేల్చలేకపోతున్నారు.

ఇంతవరకైతే ఈ లేఖ వ్రాసేవాణ్ణి కాదు. ఆలస్యం సర్కారీ ఆఫీసులకు సహజం. ఆ విషయంలో మాకు ఎవరూ పాఠాలు చెప్పనక్కరలేదు. అదే నివేదికలో అదే చోట ఇంకో మాట ఉంది: స్త్రీలు పురుషుల కంటే, ఫ్రెంచిలో దరఖాస్తు పెట్టుకున్నవారు ఇంగ్లీషులో పెట్టుకున్నవారి కంటే, కెనడా ఫెడరల్ పోలీసు దళమైన మౌంటెడ్ పోలీసులు సైనికుల కంటే ఎక్కువ కాలం ఎదురుచూశారని. ఇది కొత్త సంగతి కూడా కాదు, 2018లోనే మాజీ సైనికుల ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఆడవాళ్ళ దరఖాస్తులు, ఫ్రెంచి దరఖాస్తులు వెనకబడుతున్నాయని వ్రాసి చేతికిచ్చారు. అంటే వారం అన్నది అందరికీ ఏడు రోజులు కాదన్నమాట. డాలరుకు మారకపు రేటున్నట్టు మీ ఇంట్లో వారానికీ మారకపు రేటుంది. ఇంగ్లీషు మాట్లాడే మగవాడి పేర అది ఒక తూకం తూగుతుంది, చీటీ మీద పేరు మారితే ఇంకో తూకం.

ముందుగా ఆడవాళ్ళ సంగతి. 1989లో కెనడా మానవ హక్కుల ట్రిబ్యునల్, జలాంతర్గాములు తప్ప సైన్యంలో అన్ని పనులూ స్త్రీలకు తెరవాలని ఆదేశించింది. తలుపు తెరిచారు, లోపలికి వచ్చినవారికి ఇచ్చిన వీపు సంచి మగవాడి భుజాల కొలతకు కుట్టినది, కవచం మగవాడి ఛాతీ కొలతకు చేసినది. నడుము పట్టీ తుంటి ఎముక మీద కూర్చోవలసిన చోట కూర్చోదు, బరువంతా అడుగడుక్కీ ఎక్కడ పడకూడదో అక్కడే పడుతుంది, అలా పదిహేనేళ్ళు మోసినదానికి ఒక తేదీ ఉండదు, ఒక ప్రమాద నివేదిక ఉండదు, చూసిన సాక్షి ఉండడు. మీ నియమాల ప్రకారం ప్రత్యేక యుద్ధ విధుల్లో ఉండగా ఏం జరిగినా దాదాపు పూచీ మీదే. స్వదేశంలో శిక్షణలో, రోజువారీ కొలువులో అరిగిపోయిన తుంటికి మాత్రం కొలువే కారణమని రుజువు కావాలి. గుండు తగిలిన గాయం తనను తానే పరిచయం చేసుకుంటుంది. అరుగుదల అలా చేయలేదు. దానికి వకాల్తా కావాలి, వైద్యుడు కావాలి, ఆ వైద్యుడికి చూపించడానికి పరిశోధన కావాలి, ఆ పరిశోధన మొదట్లో మగ సైనికుల మీదే జరిగింది కాబట్టి మళ్ళీ మొదటికి రావాలి.

ఇవన్నీ నా ఊహలు కావు. కెనడా దిగువ సభలో మాజీ సైనికుల వ్యవహారాల స్థాయీ సంఘం స్త్రీలను పిలిచి కూర్చోబెట్టి, వారు చెప్పినదంతా విని, 2024లో నివేదిక ఇచ్చింది. దాని శీర్షికకు తెలుగులో అర్థం ‘ఇక అదృశ్యం కాదు’ అని. కొలతకు సరిపోని సరంజామా, నోరు విప్పడానికి మనసొప్పని లైంగిక హింస, కటి భాగపు గాయాలు, సంతాన సమస్యలు, వీటిని ఎక్కడ వ్రాయాలో గడి లేని పత్రాలు, అన్నీ అందులో ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సుమారు యాభై వేలమంది ఆడవాళ్ళు పనిచేసిన దేశం అది. వాళ్ళు కనబడుతున్నారని ధ్రువీకరించడానికి 2024 వచ్చింది. ఈ లెక్కన మీ ముప్ఫై తొమ్మిది వారాలు మెరుపు వేగమని నేనూ ఒప్పుకుంటాను.

ఒకప్పుడు మా పల్లెల్లో రాత్రిపూట తలుపు తట్టే ఆడదయ్యం తిరుగుతోందని పుకారు లేచినప్పుడు, గోడల మీద సుద్దతోనో బొగ్గుతోనో ‘ఓ స్త్రీ రేపు రా’ అని వ్రాసేవారు. ఆ దయ్యం వచ్చి చదివేది, మర్యాదగా వెనక్కి వెళ్ళేది, మర్నాడు మళ్ళీ వచ్చి అదే చదివేది. గోడ మీది ‘రేపు’ ఎన్నటికీ ‘నేడు’ కాదు కాబట్టి ఇంటివాళ్ళు హాయిగా నిద్రపోయేవారు. మీ సంగతి తెలిసినప్పటి నుంచి, అంత పొదుపుగా నాలుగే మాటల్లో ఒక సేవా ప్రమాణాన్ని వ్రాసిన మా ఊరివాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది. వాళ్ళు ఎనభై శాతం అని కూడా పెట్టలేదు; వచ్చిన స్త్రీలందరికీ సమానంగా వర్తింపజేశారు.

ఇక ఫ్రెంచి. 1969 నుంచి అధికార భాషల చట్టం ఉంది, 1982 నుంచి రాజ్యాంగంలోనే హామీ ఉంది: ఫెడరల్ ప్రభుత్వం దగ్గర ఇంగ్లీషుకూ ఫ్రెంచికీ ఒకటే పీట. ఫ్రెంచి దళాల కథ ఇంకా పాతది. 1914లో పుట్టిన ఇరవై రెండో బెటాలియన్, 1916 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని కూర్స్‌లెట్ గ్రామాన్ని పట్టుకుని పేరు తెచ్చుకుంది. తరువాత రాయల్ ఇరవై రెండో రెజిమెంటుగా కాందహార్ దాకా వెళ్ళింది. ఫ్రెంచిలో ఇరవై రెండును ‘వాన్ దూ’ అన్నట్టుగా పలుకుతారు. పక్కనున్న ఇంగ్లీషు దళాలు నోరు తిరగక దాన్ని ‘వాన్ డూస్’ చేసేశాయి, ఆ పేరే నిలిచిపోయింది. ఒక భాషలోని అంకె ఇంకో భాషలోకి వెళ్ళేసరికి కాస్త సాగుతుందని అప్పుడే గ్రహించవలసింది. ఇరవై రెండు అలా సాగినప్పుడు, పదహారు సాగడంలో వింతేముంది!

క్యుబెక్ దగ్గర వాల్కార్టియే స్థావరంలో ఉద్యోగం చేసి రిటైరైన ఒక మోకాలును ఊహించండి. దాన్ని పరీక్షించిన ఊరి డాక్టరు తనకు వచ్చిన ఫ్రెంచిలో ప్రశ్నావళి నింపాడు. ఫైలు నిండుగా ఉంది, సంతకాలున్నాయి, ఎక్స్‌రే ఉంది. ఎక్స్‌రేకు భాష లేదు గానీ దాని మీద కాగితానికి ఉంది. ఆ కాగితాన్ని చదివి అవుననో కాదనో చెప్పగలిగిన రెండు భాషల నిర్ణయాధికారులు, అత్యధికులు ఇంగ్లీషు మాట్లాడే ఒక చిన్న దీవిలోని ఆఫీసులో ఎంతమంది దొరుకుతారు? అందువల్ల ఒకే రోజున బయలుదేరిన రెండు మోకాళ్ళలో ఇంగ్లీషుది ముందు గమ్యం చేరుతుంది, ఫ్రెంచిది వరుసలో కూర్చుంటుంది. ఆ రెజిమెంటు నినాదం ‘నాకు గుర్తుంది’ అని. మీ శాఖలో స్మారక కార్యక్రమాల విభాగం పేరు ‘కెనడాకు గుర్తుంది’ అని. ఇద్దరికీ గుర్తుంది. గుర్తున్నవారిద్దరూ కలుసుకోవడమే కుదరడం లేదు.

ఆ మోకాలు ఒక ఫ్రెంచి స్త్రీదైతే? రెండు వరుసలున్నాయి, ఆవిడ రెండింటిలోనూ నిలబడాలి. దానికి మారకపు రేటు ఎంతో చెప్పే సాహసం నేను చేయను.

మీ పెద్దల మీద కూడా ఒక మాట. 2006 ఏప్రిల్ 1న కొత్త చట్టం తెచ్చి, గాయపడిన సైనికులకు అంతకుముందున్న జీవితకాలపు నెలవారీ పింఛను స్థానంలో ఏకమొత్తం పరిహారం పెట్టారు. సరిగ్గా పదమూడేళ్ళకు, 2019 ఏప్రిల్ 1న, నెలవారీ పద్ధతిని మళ్ళీ తీసుకొచ్చారు. ఆర్థిక సంవత్సరం ఆ రోజే మొదలవుతుంది కాబట్టి తేదీని ఎవరూ తప్పుపట్టలేరు. మొదటి ఏప్రిల్ ఒకటికి ఏడు వారాలైనా నిండకముందే, మే 17న, అఫ్ఘానిస్తాన్‌లోని పంజ్వాయిలో కెప్టెన్ నికొలా గొడార్డ్ పోరులో మరణించింది. కెనడా తరఫున యుద్ధవిధిలో ప్రాణమిచ్చిన మొదటి సైనికురాలు ఆమె. ఆ రోజు వార్తల్లో స్త్రీ అన్న మాటకు పెద్దక్షరాలు దొరికాయి. దరఖాస్తులో గడి దొరకడం వేరే విషయం.

మీకు అన్యాయం చేయకూడదు కనుక ఇదీ చెబుతాను. ఎక్కువమందిని పెట్టుకున్నారు, పేరుకుపోయిన ఫైళ్ళ గుట్ట మునుపటి కంటే తగ్గింది, 2019లో స్త్రీల కోసం వేరుగా ఒక కార్యాలయం వెలిసింది. కాకపోతే 2022 నివేదిక నాటికి ఆ మనుషుల్లో చాలామంది తాత్కాలికం, వాళ్ళ జీతాలకు వచ్చిన డబ్బూ తాత్కాలికం. ఏ చర్య వల్ల పని వేగం పుంజుకుందో చెప్పగలిగినంత సమాచారం కూడా శాఖ దగ్గర లేదని ఆడిటర్ జనరలే వ్రాశారు. శాశ్వతమైనవి గాయాలొక్కటే. వాటికి ఎవరూ గడువు పొడిగించనక్కరలేదు.

మధ్యలో నీకెందుకయ్యా ఈ గోల అని మీరు అడగవచ్చు. కెనడాలో వేలాది తెలుగు కుటుంబాలు పన్ను కడుతున్నాయి. ఆ డబ్బులో కొంత మీ జీతభత్యాలకూ వస్తుంది. అందుకని మా వైపు నుంచి ఒక సలహా. మీకూ ఒక దరఖాస్తు నింపుదాం. పేరు: పదహారు వారాలు. వైకల్యం: నడక. కారణం: సర్వీసు. ఉద్యోగం వల్లనే కుంటివారయ్యారు గనుక అయిదింట అయిదు వంతులూ మీకు దక్కాలని నేను సాక్ష్యం చెబుతాను. రుజువుగా 2018 నివేదిక, 2022 నివేదిక, 2024 నివేదిక జతచేస్తాను. లింగం అన్న గడిలో పురుషుడనీ, భాష అన్న గడిలో ఇంగ్లీషనీ వ్రాయండి. నిజమే కదా, పైగా త్వరగా తేలుతుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
విధేయుడు

తా.క.: ఈ లేఖకు ఫ్రెంచి ప్రతి కూడా ఉంది. అనువాదం పూర్తయిన రోజు నుంచి పదహారు వారాల్లో పంపుతాను. అనువాదానికి మనిషి ఇంకా దొరకలేదు.