ముక్కు పక్కకు తిప్పాడని పైలట్‌ను తిట్టకండి

గాలివాన ముందు సెస్నా అనే చిన్న శిక్షణ విమానం ఒకటి ముక్కు పక్కకు పెట్టి దిగుతూ, రన్‌వే మీద గెంతి ఒరిగిపోయే వీడియో హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. కింద ఓ సందేశం: "తిన్నగా దించడమే రాదు. 15 నాట్లు దాటిన గాలిలో సెస్నా దించడం నిషేధం. స్పీడు పెంచినా, బేగంపేట వదిలి శంషాబాద్ పోయినా ఏమీ అయ్యేది కాదు."

మొదటి మాట. ఎడమ నుంచి గాలి తోస్తుంటే, ముక్కు తిన్నగా పెట్టిన విమానం కుడికి కొట్టుకుపోతుంది. గోదావరి దాటే పడవ ముక్కు ఎగువకు పెడుతుంది కదా, ఇదీ అంతే. ముక్కును అలాగే ఉంచి నేలకు తగిలిస్తేనే తప్పు. కొద్ది అడుగుల ఎత్తులో కుడి రడ్డర్‌తో (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) ముక్కును మధ్యగీతకు తెచ్చి, ఐలెరాన్‌తో (రెక్కను వంచే రెక్క చివరి పలక) ఎడమ రెక్క వంచి, ఎడమ చక్రం ముందు తగిలేలా దించాలి.

సెస్నా 172 పుస్తకంలో 15 నాట్లు (వరి నాట్లు కాదు, గంటకు 28 కిలోమీటర్లు) అని ఉన్నమాట నిజమే. అది పరీక్షల్లో దించి చూపించిన పక్కగాలి, నిషేధపు గీత కాదు. విద్యార్థులకు శిక్షణ సంస్థలు ఇంకా తక్కువ హద్దు పెడతాయి, అది వేరే సంగతి. పైగా టవర్ చెప్పే గాలంతా పక్కగాలి కాదు. రన్‌వే 27కి (270 డిగ్రీల దిశ, అంటే పడమరకు) వస్తుంటే "230 డిగ్రీల నుంచి 18 నాట్లు, విసురు 26" అన్నారనుకోండి. రన్‌వేకూ గాలికీ మధ్య కోణం 40 డిగ్రీలు, దాని సైన్ 0.64. 18ని దాంతో గుణిస్తే పక్కగాలి 11.5 నాట్లే. విసురు కొట్టినప్పుడు మాత్రం 17కి దగ్గర. పైలట్‌ను తికమక పెట్టేది ఆ హెచ్చుతగ్గులే.

స్పీడు పెంచాలి, కానీ లెక్కతో. విసురుకూ మామూలు గాలికీ మధ్య తేడాలో సగం, అంటే పై లెక్కలో 4 నాట్లు. 65తో రావాల్సినవాడు 69తో రావాలి. 80తో వస్తే విమానం కూర్చోదు, తేలుతూ పోతుంది. ఓపిక పట్టలేక ముక్కు నొక్కితే ముక్కు చక్రమే ముందు తగిలి గెంతుతుంది. మళ్లీ యోక్ (పైలట్ చేతిలోని స్టీరింగ్) ముందుకు తోస్తే రెండో గెంతు ఇంకా గట్టిది. ఆ వరసలోనే ముక్కు చక్రం కాడ విరుగుతుంది, ప్రొపెల్లర్ నేలను కొడుతుంది, ఇంజిన్ వెనక ఫైర్‌వాల్ రేకు ముడతలు పడుతుంది. గట్టిగా గెంతితే వెంటనే థ్రాటిల్ (ఇంజిన్ శక్తి పెంచే పిడి) పూర్తిగా తోసి, ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దించే పలకలు) 20 డిగ్రీలకు తెచ్చి, గో అరౌండ్ చేయడమే, అంటే దిగడం మాని మళ్లీ పైకి లేవడమే దారి.

శంషాబాద్ మాట మరీ విడ్డూరం. బేగంపేట రన్‌వే 09/27, అంటే తూర్పు-పడమర. శంషాబాద్‌లో ఉన్న రెండూ 09/27 దిశవే. ఇక్కడ అడ్డంగా కొట్టే నైరుతి గాలి అక్కడా అడ్డమే. ఇంధనం ఉంటే మబ్బు దాటేదాకా ఆగడం నయం.

సందేశం అసలు ఎత్తనిది చక్రాలు తగిలాక జరిగేది. హమ్మయ్య అని యోక్ వదిలేస్తారు. వేగం తగ్గేకొద్దీ ఐలెరాన్‌కు పట్టు తగ్గుతుంది కాబట్టి యోక్‌ను గాలివైపు ఇంకా తిప్పుతూ పోవాలి, చివరికి పూర్తిగా. లేకపోతే తోక గాలిని పట్టి ముక్కును ఎడమకు లాగుతుంది, ఎడమ రెక్క లేస్తుంది, కుడి రెక్క కొన తారు మీద గీసుకుంటుంది.