చావుకి కారణం రాయని దేశంలో జబ్బుల లెక్క

మన దేశంలో ఏ జబ్బుతో ఎంతమంది పోతున్నారో మనకి సరిగ్గా తెలీదు. కోపంలో అంటున్న మాట కాదిది, రిజిస్ట్రార్ జనరల్ ఆఫీసు తానే అచ్చేసిన లెక్క. 2020లో దేశమంతటా నమోదైన మరణాలు 81 లక్షల పైచిలుకు. వాటిలో డాక్టరు కారణం రాసి సంతకం పెట్టినవి 18 లక్షలు. అంటే నూటికి 22.5. మిగతా 63 లక్షల మందికి రిజిస్టర్లో పేరుంది, వయసుంది, తేదీ ఉంది. ఎందుకు పోయారో చెప్పే డాక్టరు కాగితం మాత్రం లేదు.

ఈ మధ్య ఎవరి పోస్టు చూసినా "మన దేశంలో ఇన్ని కోట్ల మందికి షుగరు, ఇన్ని లక్షల మందికి గుండెపోటు" అని పెద్ద పెద్ద అంకెలు తిరుగుతున్నాయి. ఆ అంకెలు ఎక్కణ్ణుంచి పుడతాయో ఒక్కరూ అడగరు. నేను కమ్యూనిటీ మెడిసిన్ డాక్టర్ని. ఆ అంకెలు పుట్టేచోట పనిచేస్తాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

మొదట ఆ 18 లక్షల కాగితాల సంగతి చూద్దాం. ఆసుపత్రిలో పోతే ఫారం 4, బయట పోతే ఫారం 4ఏ. అందులో ఎ, బి, సి అని మూడు గీతలుంటాయి. పై గీత మీద చివర్లో ప్రాణం తీసింది రాయాలి, దాని కింద దానికి దారి తీసింది, అన్నిటికంటే కింద అసలు మూలం. దేశం లెక్కలోకి ఎక్కాల్సింది ఆ మూలమే. మా మేనమామకి ఏళ్ల తరబడి షుగరు. మొదట కాలి వేలు తీసేశారు, తర్వాత కిడ్నీలు పోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక రాత్రి ఐసీయూలో పోయారు. ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో ఎ గీత మీద "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని ఉంది. బి, సి ఖాళీ. గుండె ఆగకుండా, ఊపిరి ఆగకుండా ఈ భూమ్మీద ఎవరు పోయారు? షుగరు వల్ల పోయినవాళ్ల లెక్కలో ఆయన లేరు, కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ల లెక్కలోనూ లేరు. మా అత్తయ్యకి ఆ కాగితం బ్యాంకు పనికొచ్చింది, ఎల్ఐసీ పనికొచ్చింది. దేశానికి మాత్రం ఎందుకూ పనికి రాలేదు. ఇలాంటి కారణాలకి మా రంగంలో "గార్బేజ్ కోడ్స్" అని పేరు, అంటే చెత్త. ఇవి ఎక్కువయ్యేకొద్దీ మిగతా లెక్కంతా గాలిలో కట్టిన మేడే.

ఆ ఫారం నింపిన డ్యూటీ డాక్టరు మీద నాకు కోపం లేదు. అర్ధరాత్రి దాటాక, పక్క బెడ్డు మీద ఇంకో ప్రాణం కొట్టుకుంటుంటే, బయట బంధువులు ఏడుస్తుంటే, చేతికొచ్చిన మాట రాసి సంతకం పెట్టేస్తారు. మహా అయితే ఒకటి రెండు క్లాసుల్లో తప్ప ఆ ఫారం గురించి కాలేజీలో ఎవరూ చెప్పరు. పైగా ఇంటివాళ్ల ఒత్తిడి ఒకటి. టీబీ అని రాయొద్దు సార్, ఇంట్లో పెళ్లి కావాల్సిన పిల్ల ఉంది. తాగుడు సంగతి రాయొద్దు మేడమ్, ఇన్సూరెన్స్ రాదు. పురుగుల మందు అని రాస్తే పోలీసులు, పోస్టుమార్టం. వాళ్ల భయం నాకర్థమవుతుంది. కానీ ఒక్కో ఇల్లూ దాచుకున్న నిజం అన్నీ కలిపి దేశం మొత్తానికి పెద్ద అబద్ధమవుతోంది.

మరి ఇంటి దగ్గర పోయినవాళ్ల సంగతి? దానికో పద్ధతుంది, దాని మీద నాకు అపారమైన గౌరవం. శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ కింద దేశమంతటా 8,800 పైగా ఊళ్లనీ వార్డులనీ ఎంచుకుని, అక్కడ ప్రతి పుట్టుకనీ ప్రతి చావునీ నమోదు చేస్తారు. ఎవరైనా పోతే ఆ ఇంటికెళ్లి, దగ్గరున్నవాళ్లని కూర్చోబెట్టి అడుగుతారు. దాన్ని వెర్బల్ అటాప్సీ అంటారు. జ్వరం ఎన్నాళ్లుంది, చలీ వణుకూ ఉన్నాయా, దగ్గులో రక్తం పడిందా, నొప్పి చేతిలోకి పాకిందా, బీడీ తాగేవాడా. ఆ సమాధానాలని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం తేలుస్తారు. ఇద్దరికీ కుదరకపోతే మూడో డాక్టరు.

ఈ పద్ధతి నేర్పడానికి మా స్టూడెంట్స్‌ని ఊళ్లోకి తీసుకెళ్తాను. ఒకావిడ భర్త గురించి ఇలా చెప్పింది: "పొద్దున్నే గేదెలకి గడ్డేసి వచ్చాడమ్మా. గుండెల్లో మంటగా ఉందే అన్నాడు. గ్యాసనుకుని సోడా తెప్పించి తాగించాను. చెమటకి చొక్కా మొత్తం తడిసిపోయింది. ఎడం చెయ్యి లాగేస్తోందే అంటూనే మంచమ్మీద ఒరిగిపోయాడు. ఆర్‌ఎంపీ వచ్చేసరికే అయిపోయింది." మా పిల్లలకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. అది గుండెపోటు కాక ఇంకేమిటి? ఊరి రిజిస్టర్లో ఆయన పేరుకెదురుగా "సహజ మరణం" అని ఉంది. 46 ఏళ్లకి సహజ మరణమేమిటండీ!

ఈ ఇంటింటి పద్ధతి ఎంత దాచిన నిజాన్ని బయటికి లాగుతుందో చెప్తాను. టొరంటోలో పనిచేసే ప్రభాత్ ఝా బృందం, మన రిజిస్ట్రార్ జనరల్‌తో కలిసి, ఈ శాంపిల్ ఊళ్లలోనే "మిలియన్ డెత్ స్టడీ" అని ఒక అధ్యయనం నడిపింది. 2010లో మలేరియా ఫలితాలొచ్చాయి. ప్రభుత్వ లెక్కలో మలేరియా చావులు ఏడాదికి సుమారు వెయ్యి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 15 వేలు. వీళ్లకి దొరికింది 2 లక్షల 5 వేలు. ఆ చావుల్లో నూటికి 86 ఏ ఆసుపత్రీ గడప తొక్కనివి. గొడవలు జరిగాయి. మామూలు జ్వరాలన్నిటినీ మలేరియా కింద రాసేశారన్నారు, ఆ విమర్శలో కొంత నిజం ఉండొచ్చు కూడా. అయితే వెయ్యీ రెండు లక్షలూ అనే రెండు అంకెల మధ్య ఒక దేశం వాదులాడుకుంటోందంటే, అసలు లెక్కే లేదని అర్థం.

పాముకాటు సంగతి మరీ దారుణం. అదే అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా పాము కరిచి పోయినవాళ్లు సుమారు 12 లక్షలు. ఏడాదికి సగటున 58 వేలు. నూటికి డెబ్భై చావులు ఎనిమిది రాష్ట్రాల్లోనే, వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మరి ప్రభుత్వాసుపత్రుల లెక్క? 2003 నుంచి 2015 దాకా, అంటే పదమూడేళ్లకి కలిపి, 15,500. వరి చేలో, పత్తి చేలో చీకటితో పనికెళ్లే మనిషి, మంత్రం వేయించుకుంటూ దారిలోనే పోయిన మనిషి ఏ ఆసుపత్రి రిజిస్టర్‌కి ఎక్కుతాడు? లెక్కలో 15 వేలుంటే పీహెచ్‌సీలో విషం విరుగుడు ఇంజెక్షన్లు ఎన్ని పెట్టాలో దానికి తగ్గట్టే ఆలోచిస్తారు. 12 లక్షలని తేలాక, 2024లో పాముకాటుకి జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. ప్రతి కేసునీ తప్పనిసరిగా తెలియజేసేలా చెయ్యమని అదే ఏడాది నవంబర్లో కేంద్రం రాష్ట్రాలకి రాసింది. లెక్క కట్టడం అంటే ఇదీ. పై ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకి జబ్బు కనబడేది లెక్కలోంచే.

ఇక జబ్బుల భారాన్ని కొలిచే డాలీ (DALY) అనే కొలత గురించి. ఒక మనిషి ఆరోగ్యంగా బతకాల్సిన ఒక ఏడాదిని కోల్పోతే అది ఒక డాలీ. ముందే చనిపోయి కోల్పోయిన ఏళ్లు కొన్ని, జబ్బుతో కుంటుతూ గడిపిన ఏళ్లు కొన్ని, రెండూ కలుపుతారు. క్రిస్టఫర్ మర్రే, అలన్ లోపెజ్ తయారుచేసిన ఈ కొలత 1993 ప్రపంచ బ్యాంకు నివేదికతో లోకానికి తెలిసింది. నాకీ కొలత మీద ఇష్టం ఎందుకంటే, చావులొక్కటే లెక్కపెడితే డిప్రెషన్, నడుంనొప్పి, మైగ్రేన్, రక్తహీనత, చెవుడు ఎక్కడా కనబడవు. వాటితో నేరుగా చనిపోయేవాళ్లు తక్కువ, అలాగని బాగా బతకనూ లేరు. ముప్ఫై ఏళ్ల కౌలు రైతు పాముకాటుకి పోతే యాభై ఏళ్ల జీవితం పోయినట్టు, ఎనభై ఏళ్ల పెద్దాయన నిమోనియాతో పోతే కొన్నేళ్లు పోయినట్టు. రెండూ "ఒక చావు" అని సమానంగా రాసే పాత లెక్కకి ఈ తేడా తెలీదు.

2017 నవంబర్లో ఐసీఎంఆర్, పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని ఐహెచ్‌ఎంఈ అనే పరిశోధనా సంస్థ కలిసి రాష్ట్రాలవారీగా ఈ లెక్క తీశాయి. 1990లో దేశం మోస్తున్న జబ్బుల భారంలో 61 శాతం అంటువ్యాధులు, కాన్పులు, పసిబిడ్డల సమస్యలు, తిండి లోపాలు. 2016కి అది 33కి దిగింది. గుండెజబ్బులు, షుగరు, క్యాన్సర్, దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బుల్లాంటివి 30 నుంచి 55కి ఎక్కాయి. ఇంతవరకూ అందరూ చెప్తారు. చెప్పనిది ఇది: 2016లో కూడా భారాన్ని పెంచే కారణాల్లో మొదటి స్థానం తల్లీపిల్లల పోషకాహార లోపానిదే, 15 శాతం. టీవీల్లో "జీవనశైలి జబ్బులు" అంటూ వాకింగ్ చెయ్యమని చెప్పేవాళ్లు ఈ మాట ఎత్తరు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6. సగానికి పైగా ఆడవాళ్లు రక్తం లేక ఆయాసపడుతున్న రాష్ట్రాల్లో వాకింగ్ గురించి మాట్లాడుకుంటున్నాం.

డాలీతో నాకు పేచీ లేదా అంటే ఉంది. ఏ జబ్బు ఎంత బరువు అనేది ఎలా తేల్చారు? 2010 నాటి ప్రపంచ లెక్క కోసం బంగ్లాదేశ్, ఇండొనేషియా, పెరూ, టాంజానియాల్లో ఇంటింటికీ తిరిగి, అమెరికాలో ఫోన్ చేసి, ఇంటర్నెట్‌లో ఇంకొందరిని అడిగి, "ఈ ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నట్టు?" అన్న ప్రశ్నకి వచ్చిన జవాబుల్లోంచి తూకాలు తీశారు. ఇంటింటి సర్వే జాబితాలో మన దేశం లేదు. ఉపాధి పనికెళ్లి మట్టి తవ్వే ఆమెకి నడుంనొప్పి వచ్చినా, ఫ్యాను కింద కూర్చుని పాఠం చెప్పే నాకు వచ్చినా ఒకటే తూకం. మేం కొలిచేది ఆరోగ్య నష్టాన్ని, బతుకుతెరువు నష్టాన్ని కాదని వాళ్లంటారు. శాస్త్రంగా అది సబబే. బడ్జెట్ పంచేటప్పుడు మాత్రం ఆ తేడా ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఇంకొకటి, పరిశోధనా పత్రంలో ప్రతి అంకె పక్కనా "ఇంత నుంచి ఇంత వరకూ ఉండొచ్చు" అని రాస్తారు. పేపర్లో హెడ్డింగ్ అయ్యేసరికి అది ఎగిరిపోయి, అంచనా కాస్తా వాస్తవమైపోతుంది.

ఆరోగ్యశ్రీ లెక్కలున్నాయి కదా అని మా మిత్రులు కొందరంటారు. 2007 నుంచీ ఉన్నాయి, చాలా విలువైనవి కూడా. కానీ అవి ఆసుపత్రి దాకా రాగలిగినవాళ్ల లెక్కలు, పథకంలో ఉన్న చికిత్సల లెక్కలు. రాలేనివాడు ఎందులో ఉంటాడు?

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం తీసుకోండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటల మధ్య ఇళ్లల్లో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. పింఛన్లొచ్చాయి, డయాలసిస్ కేంద్రాలొచ్చాయి, 2023 డిసెంబర్లో పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం వచ్చాయి. అన్నీ మంచివే. కానీ అక్కడ ఇన్నేళ్లలో కిడ్నీ జబ్బుతో ఎంతమంది పోయారని అడగండి, ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్తారు, అంకెల మధ్య తేడా వేలల్లో ఉంటుంది. ఇరవై ముప్ఫై ఏళ్ల కిందటి నుంచీ ఆ మండలాల్లో ప్రతి చావుకీ కారణం రాసుంటే, జబ్బు ఏ ఊళ్లో మొదలైంది, ఎటు పాకింది, నీళ్లు మారాక తగ్గిందా అన్న ప్రశ్నలకి ఈపాటికి ఆధారం ఉండేది. కారణం ఇప్పటికీ తేలలేదంటే, ఆ పోయిన రికార్డులకీ అందులో వాటా ఉంది.

కోవిడ్ గురించి ఎక్కువ చెప్పను, అందరం చూశాం. 2021 చివరికి మన అధికారిక లెక్క సుమారు 4.8 లక్షలు. 2020, 2021లకి కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 47 లక్షలు. ఆ పద్ధతి తప్పని మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. తర్వాతెప్పుడో మన సొంత రిజిస్టర్లు బయటికొచ్చాయి: 2019లో నమోదైన మరణాలు 76 లక్షలు, 2021లో కోటీ రెండు లక్షలు. ఆ పెరుగుదలలో కోవిడ్ ఎంత, నమోదు మెరుగుపడటం ఎంత, వేరే జబ్బులకి మంచం దొరక్క పోయినవాళ్లెంత, ఇక ఎప్పటికీ కచ్చితంగా తేలదు. ఎందుకంటే కారణం గడి ఖాళీ.

2017 జాతీయ ఆరోగ్య విధానంలో స్పష్టంగా రాసుకున్నాం, 2022 నాటికి జబ్బుల భారాన్ని డాలీ సూచీతో క్రమం తప్పకుండా కొలుస్తామని. 2022 దాటిపోయింది. "మన జిల్లాలో మనుషుల జీవితంలోంచి ఏ జబ్బు ఎన్నేళ్లు తినేస్తోంది?" అని ఒక్క జిల్లా సమీక్షలో ఎవరైనా అడగగా నేను వినలేదు. ఎన్ని మందులిచ్చారు, ఎన్ని స్క్రీనింగులు చేశారు, యాప్‌లో ఎంత శాతం ఎక్కించారు, ఇవే ప్రశ్నలు.

చెయ్యగలిగింది ఉంది కాబట్టే నాకింత బాధ. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఆసుపత్రిలో ఎవరు పోయినా మరణ కారణం రాసిన సర్టిఫికెట్ రిజిస్ట్రార్‌కి పంపాలి, ఒక కాపీ దగ్గరి బంధువుకి ఇవ్వాలి. అడగండి, అది మీ హక్కు. అందులో "కార్డియాక్ అరెస్ట్" ఒక్కటే ఉంటే, అసలు జబ్బు పేరు కూడా రాయమని మర్యాదగా అడగండి. డాక్టర్ మిత్రులారా, ఆ గీతల కోసం మరో రెండు నిమిషాలు కేటాయించండి. ఇంటి దగ్గర పోయినవాళ్ల కోసం అడగాల్సింది ప్రభుత్వాలని. ఆంధ్రాలో సచివాలయానికో ఏఎన్‌ఎం ఉంది, తెలంగాణలో పల్లె దవాఖానాలున్నాయి, రెండు చోట్లా ప్రతి ఊళ్లో ఆశా కార్యకర్త ఉంది. ఎవరింట్లో ఎవరు పోయారో ఊరందరికంటే ముందు తెలిసేది వాళ్లకే. పాత యాప్‌లు రెండు తగ్గించి, ఈ ఒక్క ప్రశ్నాపత్రం వాళ్లకి నేర్పి, దానికి తగ్గ డబ్బు ఇవ్వండి. వచ్చిన కాగితాలు చదివి కారణం తేల్చే పని పీహెచ్‌సీ డాక్టర్లకీ, మాలాంటి మెడికల్ కాలేజీ డిపార్ట్‌మెంట్లకీ అప్పగించండి. ముందు ఒక్క జిల్లాలో మొదలుపెట్టండి. శ్రీకాకుళం అయితే ఇంకా మంచిది.