సవరణ: వల దారానికి బలం ఎక్కడిది?

గోపాల్‌పూర్‌లో మన తెలుగు జాలర్ల నైలాన్ వలల గురించి పోయినవారం రాస్తూ, కరిగిన నైలాన్‌ను ఒక్కసారిగా చల్లారిస్తే స్ఫటికాలు ఎక్కువ ఏర్పడతాయని, దారం గట్టిదనం అందువల్లేనని అన్నాను. అది తప్పు. బరంపురంలో పాఠాలు చెప్పే మాస్టారొకరు దిద్దారు, ఆయనకు నమస్కారం.

నైలాన్‌లోని పొడవాటి అణుగొలుసులు మడతపడి వరసగా పేర్చుకుంటేనే స్ఫటికాలు ఏర్పడతాయి, అందుకు వ్యవధి కావాలి. ఉన్నట్టుండి చల్లబడితే ఆ వ్యవధి దొరకదు, స్ఫటికభాగం తగ్గుతుంది. నెమ్మదిగా చల్లారితే పెరుగుతుంది. అప్పుడు బిరుసుదనం వస్తుంది కానీ, స్ఫటికాల గుత్తులు పెద్దవైతే వస్తువు పెళుసుగా కూడా అవుతుంది.

దారానికి అసలు బలం సాగదీయడంలో ఉంది. పోగు తీశాక దాన్ని మూలపొడవుకు కొన్ని రెట్లు లాగుతారు. చిక్కుపడిన కొబ్బరిపీచును దువ్వి ఒకే వైపుకు పేనినట్టు, గొలుసులూ చిన్న స్ఫటికాలూ దారం పొడవు వైపుకే తిరిగి వరసలో నిలుస్తాయి. లాగినప్పుడు బరువును ఆ గొలుసులే మోస్తాయి. మిగిలిన అస్తవ్యస్త భాగమే సాగేగుణం ఇస్తుంది, నీళ్ళు పీల్చేదీ అదే. అందుకే తడిసిన నైలాన్ కొంత బలం కోల్పోతుంది.

ముఖ్యంగా, వలను మరిగే నీళ్ళలో ముంచితే గట్టిపడుతుందన్న నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. కర్మాగారంలో వేడిపెట్టేటప్పుడు వలను లాగి బిగించి ఉంచుతారు. ఇంట్లో వదులుగా ముంచితే గొలుసులు మళ్ళీ ముడుచుకుని, వల కళ్ళు చిన్నవైపోవచ్చు. ఎవరైనా ఆ మాట విని వేడినీళ్ళు కాచి ఉంటే, దయచేసి ఆపండి.