అమావాస్య నాడు అంగిలి ఫోటో

లింగ్విస్టిక్స్ చదివేవాడికి హైదరాబాద్‌లో రూమ్ దొరకడం కష్టమేం కాదు, అదేంటో ఓనర్లకి తెలీదు కాబట్టి. బ్యాచిలరా, నాన్ వెజ్ వండుతావా, రాత్రి ఎన్నింటికొస్తావు, ఇంతవరకే అడుగుతారు. మా ఓనర్ అంకుల్ మాత్రం ఇంకో ప్రశ్న ఎక్కువడిగారు, ఏం చదువుతున్నావు బాబూ అని. ఎమ్మే లింగ్విస్టిక్స్ అంకుల్ అన్నా. "అంటే?" "భాషాశాస్త్రం అంకుల్." "ఓహో, తెలుగు పండిట్ ట్రైనింగా! మంచిది మంచిది, మా చెల్లెలి కొడుకు కూడా అదే చేసి డీఎస్సీ రాస్తున్నాడు" అని ఆయనే సెటిల్ చేసేసుకుని అడ్వాన్స్ లెక్కపెట్టుకున్నారు. నేను కాదనలేదు. కాదంటే నెక్స్ట్ వచ్చే ప్రశ్న ఎన్ని భాషలొచ్చు అని, దానికి మన దగ్గరున్న నిజాయితీ అయిన జవాబు రెండున్నర.

మాది తార్నాక వైపు పెంట్‌హౌస్. ఆ మాట విని ఏదో ఊహించుకోకండి, వాటర్ ట్యాంక్ పక్కన ఒక గది, ముందు డాబా అంతా ఓనర్ ఆంటీ అప్పడాలకీ వడియాలకీ రిజర్వుడు. రూమ్మేట్ శ్రీకాకుళం వాడు, సాఫ్ట్‌వేర్, చాలా మంచోడు, ఎంత మంచోడంటే నా అసైన్‌మెంట్లన్నిటికీ నోరు వాడిదే.

ఈ కోర్సులో ఎన్ని పేపర్లున్నాయో చేరేదాకా నాకూ తెలీదు. సింటాక్స్‌లో వాక్యాన్ని తలకిందులుగా వేలాడదీసి చెట్టు గీస్తారు, సెమాంటిక్స్‌లో మూడు గంటలు అర్థం గురించి మాట్లాడతారు ఏమీ అర్థం కాదు, న్యూరో సైకో కంప్యుటేషనల్ అని ఇంకా బోలెడు, ఫోరెన్సిక్ కూడా ఉందంటే మా నాన్న మొదటిసారి కొంచెం ఆశగా చూశాడు పోలీసు ఉద్యోగమేమో అని. ప్రాగ్మాటిక్స్ ఒక్కటే నాకు ఈజీగా ఎక్కింది, ఆ క్రెడిట్ ఆంటీది. అన్నదొకటి, అనుకున్నదొకటి, విన్నవాడు మధ్యలో ఎలా పట్టుకుంటాడు అని గ్రైస్ అనే ఆయన 1975లో పెద్ద పేపర్ అచ్చేశాడు, మా ఆంటీ మెట్ల దగ్గర నిలబడి "రాత్రంతా ఫ్యాన్ తిరుగుతూనే ఉన్నట్టుంది బాబూ" అంటారు, కరెంట్ బిల్లులో నూట యాభై నువ్వు ఎక్కువ కట్టాలని మనకి అర్థమైపోతుంది. అంతే, సిలబస్ అయిపోయింది.

అసలు గొడవంతా మిగతా మూడు పేపర్లతో.

మొదటిది సోషియోలింగ్విస్టిక్స్, మనిషినీ సమాజాన్నీ బట్టి మాట ఎలా మారుతుందో చూసే పేపరు. ఇందులో లబోవ్ అని ఒక మహానుభావుడున్నాడు. 1962లో న్యూయార్క్‌లో మూడు డిపార్ట్‌మెంట్ స్టోర్లకెళ్ళి, నాలుగో ఫ్లోర్‌లో ఏం అమ్ముతారో ముందే చూసుకుని, కనపడ్డ సేల్స్ వాళ్ళందర్నీ అది ఎక్కడుందండీ అని అడిగాడు. ఫోర్త్ ఫ్లోర్ అని చెప్తారు కదా, అందులో ర పలుకుతున్నారా మింగేస్తున్నారా అని పక్కకెళ్ళి రాసుకోవడం, అదీ ఆయన రీసెర్చ్. ఖరీదైన షాపులో ఎక్కువ పలికారు, చవక షాపులో బాగా మింగేశారు. అంతా చేశాడు కానీ పైసా పెట్టి ఏమీ కొనలేదు, మన సుల్తాన్ బజార్‌లో అయితే మూడో మనిషి దగ్గరే తన్ని పంపేవాళ్ళు. ఆయనే ఇంకోటి కనిపెట్టాడు. మైకు ముందు పెడితే జనం పుస్తకాల భాషలోకి వెళ్ళిపోతారు, ఇంట్లో మాట్లాడే మాట బయటికి రావాలంటే మీరు ఎప్పుడైనా చావు అంచుదాకా వెళ్ళొచ్చారా అని అడగాలి, అప్పుడు ఆ కథలో పడి మైకు సంగతి మర్చిపోతారు.

నాకేం, పుస్తకంలో ఉంది, అడిగా. సాయంత్రం గేటు దగ్గర అంకుల్ పేపర్ చదువుకుంటుంటే ఎదురుగా కుర్చీ లాక్కుని, ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, "అంకుల్, మీరెప్పుడైనా చచ్చిపోతానని అనుకున్నారా?" అన్నా. లబోవ్ చెప్పింది అక్షరాలా నిజం. అంకుల్ ముందు తడబడి "అనగా" అన్నారు, తర్వాత సాగర్ రోడ్డు మీద లారీ కిందకి వెళ్ళబోయిన చేతక్ స్కూటర్ కథ మొదలెట్టారు, ఐదు నిమిషాలకి ఆ "అనగా" ఎక్కడికో ఎగిరిపోయి స్వచ్ఛమైన నల్గొండ భాష దిగింది, నేను ఆనందంతో తల ఊపుతున్నా. లోపల కిటికీలోంచి ఆంటీ కూడా వింటున్నారు, ఆవిడకి లారీ వినపడలేదు, నేనడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే వినపడింది.

రెండోది ఫొనెటిక్స్, ధ్వనిశాస్త్రం. ఇందులో చదవడం తక్కువ, చప్పుళ్ళు ఎక్కువ. ప్రపంచంలో మనుషులు నోటితో చేసే ప్రతి చప్పుడూ మనం చేసి చూపించాలి, దానికి మార్కులు. గాలి లోపలికి పీల్చుతూ పలికే సింధీ బ, గొంతు బిగించి తుప్పున వదిలేవి, తర్వాత జులూ భాషలో ఉండే క్లిక్కులు. అయ్యో పాపం అన్నప్పుడు మనం నాలికతో చప్పరిస్తాం చూడండి, అలాంటిదొకటి, ఎద్దుల బండివాడు ఎడ్లని అదిలించేటప్పుడు దవడ పక్కనుంచి చేసేది ఇంకొకటి, వాళ్ళకి అవి మామూలు హల్లులు. ఎగ్జామ్ ముందు నేను అర్ధరాత్రి డాబా మీద తిరుగుతూ అవే ప్రాక్టీస్ చేస్తున్నా, కింద బెడ్‌రూమ్‌లో ఆంటీకి అదే పనిగా బల్లి పలుకుతున్నట్టు వినపడిందట, అదీ నైరుతి మూల నుంచి. ఆవిడ పంచాంగం తీసి చూశారు. ఏం రాసుందో నాకు చెప్పలేదు కానీ మర్నాటి నుంచి మెట్ల మీద ఎదురైనా పలకరింపు బంద్.

దీనికి తోడు మా గోడ మీద రెండు పోస్టర్లు. ఒకటి ప్రపంచ భాషల ధ్వనులన్నీ గళ్ళల్లో పెట్టిన చార్టు, గడికో వంకర అక్షరం, తలకిందులు ఆర్ ఒకటి, కొక్కేలు తోకలు ఉన్నవి కొన్ని, తెలియనివాళ్ళు చూస్తే పక్కా చేతబడి యంత్రమే. రెండోది మనిషి తలకాయని ముక్కు మీదుగా నిలువునా చీల్చిన బొమ్మ, లోపల నాలిక, కొండనాలిక, గొంతు అన్నీ పేర్లతో సహా. చదువుకి రెండూ అవసరమే, రెండూ కిటికీలోంచి నీట్‌గా కనపడతాయి.

మూడోది హిస్టారికల్ లింగ్విస్టిక్స్. ఏ భాషకి ఏ భాష చుట్టమో తేల్చే పేపరు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళం కన్నడాలతో రక్తసంబంధం అని ఎల్లిస్ దొర 1816లోనే క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో చెప్పేశాడు, కాల్డ్వెల్ అనే పాద్రీ ద్రావిడ భాషల మీద రాసిన పెద్ద పుస్తకం వచ్చింది 1856లో, అంటే 40 ఏళ్ళ తర్వాత, పేరు మాత్రం ఎక్కువ కాల్డ్వెల్‌కే వచ్చింది, మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు జీవితమంతా ఈ చుట్టరికాలే తవ్వి తీశారు. ఈ పనికి మొదటి పనిముట్టు స్వదేశ్ లిస్టు. మోరిస్ స్వదేశ్ అనే అమెరికా ఆయన, ఏ భాషలోనైనా తప్పకుండా ఉండే, అంత తొందరగా అరువు తెచ్చుకోని మాటలని ఒక వంద ఏరాడు. నేను అది ఫుల్ స్కేప్ పేపర్ మీద నీట్‌గా తెలుగులో రాసి, పక్కన తెలుగుకి చుట్టాలైన గోండి, కోలామి, బ్రాహుయీ భాషలకి కాలమ్స్ గీసి, దొరికినవాటికి ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టుకుంటున్నా. ఆ లిస్టులో వరసగా ఒకచోట ఏముంటాయో చూడండి, ఇది నేను కల్పించింది కాదు, ఆయన పెట్టిన వరసే: చర్మం, మాంసం, రక్తం, ఎముక, కొవ్వు, గుడ్డు, కొమ్ము, తోక, ఈక, వెంట్రుక, తల. కొంచెం కిందకొస్తే గుండె, కాలేయం. ఇంకా కిందకొస్తే చావడం, చంపడం. చివర్లో పొగ, నిప్పు, బూడిద.

ఇప్పుడు ఆ ఆదివారం సంగతి.

సోమవారానికి ఫొనెటిక్స్ అసైన్‌మెంట్ ఇవ్వాలి, తెలుగులో చ రెండు రకాలు కదా, చాపలో చ పళ్ళ దగ్గర తగుల్తుంది, చేపలో చ కొంచెం వెనక్కి అంగిలికి తగుల్తుంది, బ్రౌన్ దొర డిక్షనరీలో మొదటిదానికి చ మీద గుర్తు పెట్టి మరీ వేరే చూపిస్తారు. అది ఫోటో తీసి నిరూపించాలి. ఎలా అంటే, మెడికల్ షాపులో దొరికే చార్‌కోల్ క్యాప్సూల్ విప్పి ఆ బొగ్గు పొడిని ఆలివ్ నూనెలో కలిపి, బ్రష్‌తో నాలిక మీద పూసి, ఒక్కసారి చాప అనిపించాలి. నాలిక ఎక్కడ తగిలితే అంగిలి మీద అక్కడ నల్లటి మచ్చ. వెంటనే నోట్లో అద్దం పెట్టి ఫోటో తీసుకోవాలి. చాప చేప ఎందుకు పెట్టుకున్నామంటే ప పెదాల పని, నాలికకి సంబంధం లేదు, మచ్చ చెడదు. ఒకే ఒక్క రూలు, ఫోటో అయ్యేదాకా నాలిక పైకి తగలకూడదు, అంటే మింగకూడదు, నోరు మూయకూడదు, మాట్లాడకూడదు.

చాప అయిపోయింది, బ్రహ్మాండంగా వచ్చింది. మా రూమ్మేట్ నోరు కడుక్కుని మళ్ళీ పూయించుకున్నాడు. సరిగ్గా చేప దగ్గర కరెంట్ పోయింది. కొవ్వొత్తి వెలిగించా, ఫోన్ ఫ్లాష్ ఆన్ చేశా, వాడు తల వెనక్కి వాల్చి, నల్లటి నాలిక బయటికి వేలాడేసి, గడ్డం మీదుగా నల్లటి చొంగ కారుతుంటే, ఆంటీ వాళ్ళ ఇంట్లోంచే అడిగి తెచ్చిన చిన్న అద్దం నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆంటీ డాబా మీద మజ్జిగ మిరపకాయలు ఎత్తుకోడానికి ఫోన్ టార్చ్ వేసుకుని పైకొచ్చారు. ఆ రోజు అమావాస్య. మామూలు అమావాస్య కూడా కాదు, ఆదివారం అమావాస్య.

కిటికీలోంచి ఆంటీ చూడటం, నేను క్లిక్ నొక్కడం, ఆంటీ కేక, మూడూ ఒకేసారి జరిగాయి. మిరపకాయల చాట డాబా అంతా ఒలికిపోయింది.

మావాడు భయపడి లేచాడు. లేచినవాడు నోరు మూసేస్తే సరిపోయేది, కానీ పాపం సిన్సియర్, నా అసైన్‌మెంట్ పాడవకూడదని నాలిక అలాగే బయటపెట్టి, రెండు చేతులూ చాపి ఆంటీ వైపు నడిచాడు, వివరించడానికి. ఆంటీ అనాలంటే ట ఉంది, నాలిక మడత పెట్టకుండా ట రాదు. ఏం లేదండీ అందామంటే ల, ద, డ. నాలిక లేకుండా మనిషికి మిగిలేవి ప బ మలే, కాబట్టి వాడికి వచ్చింది "మ్మా... బ్బ... మ్మా" అంతే.

అంకుల్ కర్ర పట్టుకుని వచ్చేసరికి ఆంటీ తలుపు దగ్గర నిలబడి టార్చ్ వెలుతురులో ఆ ఫుల్ స్కేప్ పేపర్ చదువుతున్నారు. "రక్తం, ఎముక, కొవ్వు... ఏవండీ, వెంట్రుకకి టిక్కు పెట్టాడు. తలకి కూడా పెట్టాడు. అందుకే ఆ రోజు మిమ్మల్ని చావు గురించి అడిగాడు, నేను చెప్తే విన్నారా!"

నేను శాస్త్రీయంగా చెప్దామనుకున్నా. "అంకుల్, ఇది స్వదేశ్ లిస్ట్."

"స్వదేశీ ఉద్యమమా?"

"కాదంకుల్, అమెరికా."

"స్వదేశీ అంటావు, అమెరికా అంటావు?"

"ఆయన పేరే స్వదేశ్ అంకుల్. ఇదిగో ఈ కాలమ్ చూడండి, మనం కన్ను అంటాం కదా, బ్రాహుయీ వాళ్ళు ఖన్ అంటారు, వాళ్ళది మనది ఒకే కుటుంబం."

"ఎవరు వాళ్ళు? ఎక్కడుంటారు?"

బలూచిస్తాన్ అని చెప్పా. అది ఎక్కడుంది అన్నారు. అక్కడితో ఆపి ఉంటే చేతబడి కేసుతో పోయేది, పాకిస్తాన్‌లో అని కూడా చెప్పేశా. అంకుల్ కర్ర కింద పెట్టి జేబులోంచి ఫోన్ తీశారు.

అప్పటికి మావాడు నోరు కడుక్కుని వచ్చాడు, వాడు కాపాడాడు, వాడి స్టైల్లో. "అంకుల్, మా శ్రీకాకుళం గిడుగు రామమూర్తి పంతులు గారు తెలుసు కదా, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, ఆయన చేసింది కూడా ఇదే అంకుల్, సవర గిరిజనుల దగ్గరికెళ్ళి వాళ్ళ మాటలు రాసుకుని 1938లో డిక్షనరీ వేశారు." గిడుగు వారి పేరు వినగానే అంకుల్ చెయ్యి ఆగింది. కాసేపు ఆలోచించి, "గిడుగు వారు నాలికకి బొగ్గు పూసుకున్నారా?" అనడిగారు. లేదంకుల్ అన్నాడు వీడు. అక్కడితో ఊరుకోవచ్చుగా, "కానీ అడవుల్లో తిరిగి మలేరియా వచ్చి, క్వినైన్ మింగి మింగి చెవులు పోయాయి అంకుల్" అని కూడా చేర్చాడు.

"చూశారా, ఈ చదువుకి చెవులు కూడా పోతాయట" అన్నారు ఆంటీ.

చివరికి రూమ్ ఖాళీ చేయించలేదు. కరెంట్ వచ్చింది, వెలుతురులో బొగ్గు చుక్కల టీషర్ట్‌తో మావాడు మరీ జాలిగా కనపడ్డాడు, పైగా అంకుల్‌కి ఆయన చేతక్ కథ రికార్డింగ్ వినిపించా, తన గొంతు తనే విని మురిసిపోయి రెండోసారి పెట్టించుకున్నారు. ఆంటీ మాత్రం మా గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు, గది నిండా పసుపు నీళ్ళు చల్లారు, తల చీల్చిన బొమ్మ తీయించేశారు, ఒలికిన మిరపకాయలకి మేం కిలో మిర్చి కొనిచ్చాం. మర్నాడు మావాడు నల్లటి పళ్ళ సందులతో క్లయింట్ కాల్‌లో కెమెరా ఆఫ్ పెట్టుకుని నెట్ స్లో అని చెప్పుకున్నాడు.

మళ్ళీ ఫోటో తీసే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి ఉన్నవే సబ్మిట్ చేశా. సార్ క్లాసులో ప్రొజెక్టర్ మీద వేశారు. చాప ఫోటో అద్భుతం, పళ్ళ వెనకాల చక్కగా నల్లటి గీత. నెక్స్ట్ చేప. కేకకి మావాడి చెయ్యి కదిలి అద్దం తిరిగిపోయింది కదా, అందులో అంగిలి లేదు, కిటికీ ఉంది, కిటికీలో టార్చ్ వెలుతురు కింద నుంచి పడుతూ నోరంతా తెరిచి మా ఆంటీ ఉన్నారు. సార్ కళ్ళజోడు సర్దుకుని స్క్రీన్ దగ్గరికెళ్ళి చాలాసేపు చూసి, "దీన్ని ఏ వర్గంలో వేశావయ్యా?" అన్నారు.

వెనక బెంచీలోంచి ఎవడో, "కంఠ్యం సార్" అన్నాడు.