డేటా సెంటర్‌ను నడిపేది ఎలక్ట్రీషియనే

విశాఖలో గూగుల్ డేటా సెంటర్‌కు, అంటే వేల సర్వర్ కంప్యూటర్లను ఒక్కచోట నడిపే కేంద్రానికి, 2025 అక్టోబర్ 14న ఒప్పందం కుదిరింది. అప్పటి నుంచి తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నది ఒకటే: ‘మా వాడికి ఏ కోర్సు చేయిస్తే అందులో ఉద్యోగం వస్తుంది?’ వాళ్ల మనసులో ఉన్నవి పైథాన్, క్లౌడ్, ఏఐ. అమీర్‌పేట ఫ్లెక్సీల మీద కనిపించేవీ అవే. కానీ ఈ పరిశ్రమకు మనుషులు దొరకనిది కరెంటు గదిలో, సర్వర్లను చల్లబరిచే చిల్లర్ యంత్రాల దగ్గర.

గూగుల్ తలపెట్టింది గిగావాట్ స్థాయి కేంద్రం. గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యమే 2,000. అంటే అందులో సగం కరెంటును ఒక్క క్షణం కూడా ఆగకుండా సర్వర్లకు అందించాలి, ఆ వేడినంతా బయటికి తోడెయ్యాలి. లైన్ పోతే యూపీఎస్ బ్యాటరీలు అందుకోవాలి, కొద్ది సెకన్లలో డీజిల్ జనరేటర్లు లేవాలి. పైగా యంత్రాలు మారిపోయాయి. ఒకప్పుడు సర్వర్లు పేర్చిన ఒక ర్యాక్ 5 నుంచి 10 కిలోవాట్లు తీసుకుంటే సరిపోయేది. ఏఐ చిప్‌ల కంపెనీ ఎన్విడియా జీబీ200 ర్యాక్ ఒక్కటే దాదాపు 120 కిలోవాట్లు తాగుతుంది. ఆ వేడికి గాలి చాలదు, చిప్‌ల దాకా పైపుల్లో ద్రవం పారించాలి. అందుకే పైప్ ఫిట్టర్‌కు ఇప్పుడు ఇంత గిరాకీ.

నాకు బాగా తెలిసిన ఒక కుర్రాడు ఐటీఐ ఎలక్ట్రీషియన్. హైదరాబాద్‌లో ఓ డేటా సెంటర్‌లో షిఫ్ట్ టెక్నీషియన్‌గా చేస్తున్నాడు. మొదటి మూడు నెలలు బ్రేకర్ మీద చెయ్యి వెయ్యనివ్వలేదట. సీనియర్ కాగితం పట్టుకుని ఒక్కో స్టెప్పూ చదువుతాడు. ప్యానెల్ ముందున్న మనిషి బ్రేకర్ నంబర్‌ను వేలితో చూపించి, పైకి చదివి, ‘కరెక్టే’ అనిపించుకున్నాకే ఆఫ్ చేస్తాడు. టైమ్ రాస్తారు. తాళం వేసి ట్యాగ్ తగిలిస్తారు. అప్పుడు తర్వాతి స్టెప్పు. ‘ఐటీఐలో స్టార్టర్ కనెక్షన్ ఇవ్వడం బాగానే నేర్పారు గానీ, ఇలా ఒకటికి రెండుసార్లు చూసుకోవడం ఎవరూ నేర్పలేదండీ’ అంటాడు. మొదట్లో రాత్రి షిఫ్టులో అలారం మోగితే టెన్షన్‌తో చేతులు చల్లబడేవట.

ఈ జాగ్రత్త తప్పితే ఏమవుతుందో లోకం చూసింది. 2017 మేలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ డేటా సెంటర్‌లో ఒక ఇంజినీరు కరెంటు తీశాడని, తిరిగి ఇచ్చేటప్పుడు క్రమం తప్పి పరికరాలు దెబ్బతిన్నాయని దాని మాతృసంస్థ అధిపతే చెప్పారు. సుమారు 75,000 మంది ప్రయాణాలు చెడిపోయాయి. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో, ప్రభుత్వ డేటా సెంటర్‌లో యూపీఎస్ లిథియం బ్యాటరీలను తరలిస్తుండగా మంటలు లేచాయి. ఆరు వందలకు పైగా ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలు ఆగిపోయాయి. అక్కడి ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్ల సమాచారం బ్యాకప్ లేక బూడిదైంది.

ఈ రంగాన్ని ఏళ్లుగా గమనిస్తున్న అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్, ప్రపంచవ్యాప్తంగా డేటా సెంటర్లకు 2019లో దాదాపు 20 లక్షలున్న సిబ్బంది అవసరం 2025కు 23 లక్షలకు చేరుతుందని 2021లోనే లెక్క కట్టింది. ఏఐ పోటీ ఇంకా మొదలుకాకముందు మాట అది.

మన దగ్గర ఈ కొరతకు సగం కారణం మనమే. ఐటీఐ అంటే ఇంకా ‘చదువు అబ్బనివాడు చేరేది’ అనే చిన్నచూపు పోలేదు. మిగతా సగం కంపెనీలది. ఆ కుర్రాడి జీతం ఇచ్చేది మ్యాన్‌పవర్ కాంట్రాక్టరు. ఇంటింటికీ భోజనం పార్సిళ్లు అందించే స్నేహితుడికి వచ్చేదానికీ, తనకు వచ్చేదానికీ పెద్ద తేడా లేదు. కోట్ల విలువైన యంత్రాలను రాత్రంతా ఒకరి చేతిలో పెట్టి, ఆ మనిషిని మాత్రం కాంట్రాక్టు మీదే ఉంచుతున్నారు. ఇలాగైతే నేర్చుకున్నవాడు ఎన్నాళ్లు నిలుస్తాడు? మనుషులు దొరకడం లేదని కంపెనీలు అన్నప్పుడల్లా నాకు ఆ జీతమే గుర్తొస్తుంది.

డేటా సెంటర్ కట్టేటప్పుడు వేల మందికి పని దొరుకుతుంది. నడపడానికి కావాల్సింది వందల్లోనే. ఆ ఉద్యోగాలు కూడా ముంబయి, చెన్నైల నుంచి వచ్చినవాళ్లకే పోతే, ఈ కేంద్రానికి భూమి ఇచ్చిన విశాఖ దగ్గరి తర్లువాడ కుర్రాడికి గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగమే మిగులుతుంది.

అలా జరగాల్సిన అవసరం విశాఖకు లేదు. కరెంటు ఆగితే కొంప మునుగుతుందని తెలిసిన చేతులు అక్కడ తరాలుగా ఉన్నాయి. ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, రిఫైనరీ, నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూల్ తయారుచేసినవాళ్లు వాళ్లు. ఉక్కులో వీఆర్‌ఎస్ తీసుకున్న సీనియర్ ఎలక్ట్రీషియన్‌ను కంచరపాలెం పాలిటెక్నిక్‌కు గౌరవంగా పిలిచి, పిల్లలకు పని నేర్పించమంటే ఎంత మేలు! అమెరికాలో మన తెలుగువాళ్లు చాలామంది ఉండే యాష్‌బర్న్ చుట్టుపక్కల డేటా సెంటర్లు కిక్కిరిసి ఉంటాయి. అక్కడి నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీ డేటా సెంటర్ ఆపరేషన్స్‌నే ఒక చదువుగా చెబుతోంది.

చట్టం కూడా చేతిలోనే ఉంది. అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకు పైబడి సిబ్బంది ఉన్న సంస్థ, కాంట్రాక్టు వాళ్లను కూడా కలుపుకుని, 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. భూమి, కరెంటు రాయితీలు ఇస్తున్న ప్రభుత్వం ఆ 15 శాతాన్నే షరతుగా పెట్టాలి. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు. 2026లో చేరినవాడు 2028లో బయటికొస్తాడు. ఆ తర్వాత కూడా బ్రేకర్ మీద చెయ్యి వెయ్యడానికి కొన్ని నెలలు సీనియర్ పక్కన నిలబడాలి.