తెల్లబడితే అది ఊపిరితిత్తే కాదు

మా ఊళ్లో గట్టు తగాదా వస్తే సర్వేయరు గొలుసు లాగి రాయి పాతేవాడు. పాతిన రాయి తెల్లారేసరికి రెండడుగులు పక్కకి జరిగేది, అది వేరే సంగతి. అలాంటి సర్వే ఇప్పుడు మనిషి ఛాతీ లోపల కూడా జరుగుతోంది. ఇంత గొప్ప పరిపాలనా విజయాన్ని మన పత్రికలు పట్టించుకోకపోవడం విచారకరం.

పని చూడ్డానికి చిన్నదే. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో కంప్యూటరు గీత గీయాలి. గాలి ఉన్నచోట నలుపు, ఎముకా గుండే ఉన్నచోట తెలుపు. నల్లగా ఉన్నదంతా ఊపిరితిత్తే అనేస్తే పోలా? నలుపునీ తెలుపునీ ఎక్కడ విడగొట్టాలో లెక్కగట్టే పద్ధతిని 1979లో జపాన్ శాస్త్రవేత్త ఓట్సు చెప్పనే చెప్పాడు. చిక్కల్లా ఏమిటంటే, ఆ లెక్కన రోగి భుజాల పక్కన గదిలో ఉన్న గాలి కూడా ఆయన ఖాతాలోనే పడుతుంది. ఎడమపక్క డయాఫ్రం అనే, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం తెర కింద, పొట్టలో ఉండే గాలిబుడగ మూడో ఊపిరితిత్తై కూర్చుంటుంది. పెసరట్టు తిని త్రేన్చకుండా వెళ్లినవాడికి అది బోనస్సు.

తర్వాత పాములొచ్చాయి. వెటకారం కాదు, 1988లో వచ్చిన ఆ పద్ధతికి పెట్టిన పేరే పాము. రబ్బరుతాడులా సాగే గీత అంచు దొరికేదాకా పాకి, దొరికాక ఆగుతుంది. ఛాతీలో అంచులకేం కొదవ? పక్కటెముక అడ్డం వస్తే అదే గట్టనుకుని చుట్టచుట్టుకు పడుకునేది. 1995 ప్రాంతంలో మాంచెస్టర్‌లో కూట్స్, టేలర్ ప్రభృతి పరిశోధకులు దానికి క్రమశిక్షణ నేర్పారు. నమూనా బొమ్మల మీద చుక్కలు పెట్టి, సగటు ఆకారం తీసి, గీత ఆ సగటుకి మరీ దూరం పోకుండా కట్టడి చేశారు. మర్యాదస్తుల ఊపిరితిత్తులు ఇలాగే ఉండాలన్నమాట.

సగటుని తేలిగ్గా తీసుకోకండి. 2006లో వాన్ గినెకెన్ అనే నెదర్లాండ్స్ పరిశోధకుడి బృందం, జపాన్‌లో సేకరించిన 247 ఎక్స్‌రేల మీద ఈ పద్ధతులకి పోటీ పెట్టింది. ఏ బొమ్మనీ చూడకుండా అందరికీ ఒకే సగటు ఊపిరితిత్తులు అతికించినా, అసలు హద్దుతో ఎంత మేర కలిసిందని చూస్తే ఒకటికి 0.713 మార్కులొచ్చాయి. మా రోజుల్లో అది ఫస్టు క్లాసు! చేత్తో గీసిన మనిషికి 0.946. మూడు పద్ధతుల చేత ఓట్లు వేయించి మెజారిటీ తీస్తే 0.949. ఊపిరితిత్తి హద్దుని ప్రజాస్వామ్యబద్ధంగా నిర్ణయించిన ఘట్టం అది. ఈ మార్కుల లెక్క మాత్రం డాక్టర్లది కాదు, 1901 నాటి జకార్డ్ అనే స్విస్ వృక్షశాస్త్రవేత్తది. ఆల్ప్స్ కొండల్లో ఏ పక్క ఏ మొక్కలున్నాయో పోల్చుకోడానికి కట్టుకున్నాడు పాపం.

2015లో యూ-నెట్ అని, గీసిపెట్టిన బొమ్మలు చూసి తనంతట తనే నేర్చుకునే ప్రోగ్రాము వచ్చాక ఈ పాములూ చుక్కలూ మూలపడ్డాయి. గీత నున్నగా పడుతోంది. మా పెద్దమ్మకి పడిందాకా నాకూ ఫిర్యాదు లేదు.

ఆవిడకి నెలరోజులుగా ఆయాసం. ఎక్స్‌రే తీసినచోట తెరమీద ఆకుపచ్చ గీత చూపించారు. ఎడమపక్క నిండుగా ఉంది. కుడిపక్క పైన చారెడు మేర చుట్టి ఆగిపోయింది. కింద సగం తెల్లగా, ఎవరికీ చెందని బంజరులా ఉంది.

"ఆ కిందదేంటి బాబూ?" అన్నాను.

"అది లంగ్ ఏరియా కాదండీ, సాఫ్ట్‌వేరు తీసేసింది."

"మరి ఆవిడ ఇన్నేళ్లూ దాంతోనేగా ఊపిరి పీల్చింది?"

కుర్రాడు జాలిగా చూశాడు.

తర్వాత విచారిస్తే ఇందులో ఉన్న న్యాయం బోధపడింది. నీరు చేరినా, నెమ్ము చేసినా, క్షయ ముదిరినా ఆ మేర తెల్లబడుతుంది. శుభ్రమైన ఛాతీలు చూసి చదువుకున్న ప్రోగ్రాముకి తెల్లనిది ఊపిరితిత్తి కాదు. ఆ గీతే కంచె. జబ్బు వెతికే రెండో ప్రోగ్రాము ఆ కంచె లోపలే వెతుకుతుంది. కంచె లోపల ఎప్పుడూ క్షేమమే.

కంచె ఎందుకంటారా? కోవిడ్ రోజుల్లో కొన్ని ప్రోగ్రాములు ఊపిరితిత్తులు మానేసి, ఫిల్మ్ మూలనున్న అక్షరాలు చూసి జబ్బు చెప్పేశాయి. ఆ రోజుల పరిశోధనా పత్రాలు 62 వడగట్టి చూస్తే ఆస్పత్రిలో పనికొచ్చేది ఒక్కటీ తేలలేదని 2021లో ఒక సమీక్ష వచ్చింది. అందుకని దిక్కులు చూడకుండా గుర్రానికి గంతలు కట్టారు. గంతల వెనక్కి రోగం కూడా పోయింది, అంతే.

పెద్దమ్మ రిపోర్టులో "లంగ్ ఫీల్డ్స్ క్లియర్" అని వచ్చింది. డాక్టరమ్మ ఆ కాగితం పక్కనపెట్టి, వీపు మీద వేలితో రెండుసార్లు తట్టి, "నీరుందమ్మా" అంది. సూది పెట్టి లీటరు తీసింది. ఆ లీటరు ఏ సర్వే నంబరు కిందికి వస్తుందో రిపోర్టులో రాయలేదు.