పక్క కుట్టులో పట్టీ ఏమంటోంది?

నల్లగొండ ప్రకాశం బజార్‌లోనైనా, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి దుకాణాల్లోనైనా, దేవరకొండ అంగడిలో టార్పాలిన్ మీద పోసిన కుప్పలోనైనా ఆటల షర్టు చేతికి రాగానే కన్ను రొమ్ము మీది లోగో మీదికే పోతుంది. నకిలీ మాల్ కుట్టించేవాడికి ఈ సంగతి బాగా తెలుసు. వాడి శ్రద్ధంతా అక్కడే పెడతాడు. ఎంబ్రాయిడరీ యంత్రానికి డిజైన్ ఒకసారి ఎక్కిస్తే వెయ్యి షర్టుల మీద ఒకే తీరుగా పడుతుంది. వాడు ఖర్చు మిగుల్చుకునేది కొనేవాళ్లు చూడని చోట. ఎడమ పక్క కుట్టులో, నడుము దగ్గర, రెండు మూడు తెల్ల పట్టీలు ఒకదాని మీద ఒకటి కుట్టి ఉంటాయి. షర్టు తిరగేసి ముందు చదవాల్సింది వాటినే.

చదవడానికి ఒక పద్ధతి ఉంది. ఆ పట్టీల్లో ఏ ఒక్క అంకె దానంతట అదే సాక్ష్యం కాదు, ఎందుకంటే ఏ అంకెనైనా చూసి రాయొచ్చు. వస్తువు సంఖ్య, తయారైన కాలం, దేశం, బట్ట రకం, రంగు, ధర స్టిక్కరు - ఇవన్నీ ఒకదానితో ఒకటి పొంతన కుదరాలి. నకిలీ ఎప్పుడూ ఈ పొంతన దగ్గరే దొరుకుతుంది.

మొదట వస్తువు సంఖ్య. నైకీ దుస్తుల్లో ఆరు అక్షరాంకెలు (అక్షరాలు, అంకెలు కలిసినవి), ఒక చిన్న గీత, దాని తర్వాత మూడంకెలు ఉంటాయి. ముందు ఆరు డిజైన్‌ను, చివరి మూడు రంగును చెబుతాయి. అడిడాస్‌లో ఆరు అక్షరాంకెల ఆర్టికల్ సంఖ్య. ఇటీవలి మాల్‌లో అది మామూలుగా రెండు అక్షరాలు, నాలుగు అంకెలుగా ఉంటుంది. ప్యూమాలో ఆరంకెలు, తర్వాత రంగుకు రెండంకెలు. దుకాణంలోనే నిలబడి ఆ సంఖ్యను ఫోన్‌లో కొట్టి చూడొచ్చు. బొమ్మలో వచ్చిన వస్తువు, చేతిలో ఉన్నది ఒకటేనా? రంగు కూడా అదేనా? నకిలీ కుట్టించేవాడు ఒక అసలు షర్టు తెచ్చి దాని పట్టీని అచ్చు దింపిస్తాడు. ఆ పట్టీల చుట్ట అయిపోయేదాకా నల్ల షర్టుకూ, ఎర్ర షర్టుకూ, ఒక్కోసారి ట్రాక్ ప్యాంటుకూ అదే వేస్తాడు. కాబట్టి ఒక్క షర్టు చూసి ఊరుకోకుండా పక్కనున్న వేరే రంగుది కూడా తిరగేయాలి. రెండు రంగుల మీద రంగు సంఖ్య ఒకటే ఉంటే ఇక మిగతా పరీక్షలతో పని లేదు.

కాలం చెప్పే గుర్తు కూడా అక్కడే ఉంటుంది. నైకీ పట్టీల్లో ఎస్‌పీ, ఎస్‌యూ, ఎఫ్‌ఏ, హెచ్‌ఓ అనే అక్షరాల పక్కన రెండంకెలు కనిపిస్తాయి. వసంతం, వేసవి, శరత్తు, ఏడాది చివరి పండుగల సీజన్ అని వాటి అర్థం. ఎఫ్‌ఏ 20 అంటే 2020 శరత్తు సీజన్ మాల్. అడిడాస్‌లో నెల, సంవత్సరం అంకెల్లోనే ఉంటాయి. ఈ కాలానికి, బట్ట పేరుకు పొంతన చూడాలి. అడిడాస్ చాలా ఏళ్లు క్లైమాలైట్, క్లైమాకూల్ అనే పేర్లు వాడి, 2019-20 ప్రాంతంలో ఏరోరెడీ అనే పేరుకు మారింది. తయారీ సంవత్సరం 2023 అని ఉండి, దాని పైనే క్లైమాలైట్ అని ఉంటే రెండింట్లో ఒకటి అబద్ధం.

చాలామంది పొరబడేది ఆర్‌ఎన్ సంఖ్య దగ్గర. ఇది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కంపెనీలకు ఇచ్చే నమోదు సంఖ్య. నైకీది 56323, అడిడాస్‌ది 88387. ఇది కంపెనీకి ఇచ్చిందే తప్ప షర్టుకు ఇచ్చింది కాదు, కాబట్టి ఏటా మారదు, తయారైన తేదీ చెప్పదు. సరైన సంఖ్య ఉన్నంత మాత్రాన అసలు సరుకని నమ్మడానికి లేదు, దాన్ని కాపీ కొట్టడం అన్నిటికంటే తేలిక. నైకీ షర్టు మీద ఇంకో కంపెనీ సంఖ్య ఉంటే మాత్రం అది నకిలీ అనడానికి గట్టి ఆధారం. అలాగే బార్‌కోడ్ 890తో మొదలైతే ఇండియాలో తయారైందని చెప్పే దుకాణదారులున్నారు. ఆ కోడ్ తీసుకున్న కంపెనీ, బార్‌కోడ్ సంఖ్యలు కేటాయించే జీఎస్1 ఇండియా అనే సంస్థలో నమోదైందని మాత్రమే దాని అర్థం. ‘మేడ్ ఇన్ చైనా’ అని ఉంటే డూప్లికేట్ అనే మాట కూడా వట్టిదే. వియత్నాం, కంబోడియా, బంగ్లాదేశ్, చైనా, మన దేశం - పెద్ద బ్రాండ్ల అసలు సరుకు వీటన్నిటిలోనూ తయారవుతుంది.

మన దేశంలో అమ్మకానికి వచ్చిన సరుకైతే ఇంకో స్టిక్కరు ఉండాలి. బయటి అట్ట ట్యాగు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, సైజు, వినియోగదారుల ఫోన్ నంబరు, ఈమెయిల్ రాసి ఉంటాయి. తూనికలు కొలతల చట్టం కింద వచ్చిన 2011 నాటి నిబంధనలు ఇవి అడుగుతాయి. ఈ స్టిక్కరు మీది ఆర్టికల్ సంఖ్యకూ లోపలి పట్టీ మీది సంఖ్యకూ తేడా ఉండకూడదు. అట్ట ట్యాగు ప్లాస్టిక్ దారంతో వేలాడేదే కాబట్టి, ఒక షర్టుది తీసి మరోదానికి తగిలించడం క్షణం పని. పక్క కుట్టులో ఇరికించి కుట్టిన పట్టీని అలా మార్చలేరు. రెండూ కలవకపోతే లోపలి పట్టీనే నమ్మాలి.

రీబాక్ విషయంలో ఈ చిరునామా బాగా అక్కరకొస్తుంది. 2006 నుంచి రీబాక్ అడిడాస్ చేతిలో ఉండేది. 2022లో వేరే యాజమాన్యానికి పోయింది, మన దేశంలో దాని వ్యాపారం ఆదిత్య బిర్లా సంస్థ చేతికి వచ్చింది. నిన్న మొన్న తయారైనట్టు తేదీ ఉన్న రీబాక్ షర్టు మీద ఇంకా అడిడాస్ ఇండియా పేరే ఉంటే, పాత స్టిక్కరు చూసి అచ్చు వేశారని అనుమానించాల్సిందే.

పట్టీ తర్వాత బట్ట, కుట్టు. ఒక దారం పోగు వేలాడుతోందని నకిలీ అనేయడం తప్పు, అసలు వాటిలోనూ పోగులుంటాయి. జిప్ మీద వైకేకే అనే పేరున్న జిప్ కంపెనీ గుర్తు ఉండటం కూడా రుజువు కాదు. చూడాల్సినవి వేరే. లోగోను లోపలి వైపు నుంచి చూడాలి. నకిలీలో ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి దారం కత్తిరించకుండా లాగేస్తారు, వెనక వేసిన కాగితం గరుకుగా, అంచులు చిందరవందరగా మిగిలిపోతుంది. కింది అంచు మడతకు బయట రెండు సమాంతర కుట్లు, లోపల వల లాంటి అల్లిక ఉండాలి. దాన్ని రెండు చేతులా సాగదీస్తే కుట్టు బట్టతో పాటు సాగాలి. పటుక్కున తెగితే అది మామూలు మిషను మీద వేసిన కుట్టు. ఎర్ర పాలిస్టర్ మీద వేసిన తెల్ల ప్రింటు కొన్ని ఉతుకులకే గులాబీ రంగుకు తిరిగితే, బట్ట రంగు ప్రింటులోకి ఎక్కిందన్న మాట. రంగును ఆపే అడుగు పూత ఖర్చు మిగుల్చుకుంటే ఇలా అవుతుంది.

చెమట పీల్చే గుణానికి ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. లోపలి వైపు ఒక నీటి చుక్క వేయాలి. మంచి ఆటల షర్టులో అది కొద్ది సెకన్లలో గుండ్రంగా పాకుతుంది. నాసి రకం పాలిస్టర్ మీద ముత్యంలా నిలబడుతుంది. పాలిస్టర్ పోగు స్వతహాగా నీటిని దాదాపు తాగదు. నేత తీరు, పైన చేసిన ప్రక్రియ కలిసి చెమటను పక్కలకు లాగుతాయి. ఆ ప్రక్రియ లేని షర్టు ఒంటికి ప్లాస్టిక్ సంచి చుట్టినట్టే. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ మేకల అభినవ్ స్టేడియంలో పోలీసు ఉద్యోగాల పరుగు పందేనికి తయారయ్యే పిల్లలకు ఈ తేడా ఒంటి మీదే తెలుస్తుంది. ఒక హెచ్చరిక: ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ పోసిన అసలు షర్టు మీద కూడా చుక్క నిలబడొచ్చు. కొత్త షర్టు మీదనే ఈ పరీక్ష చేయాలి.

ఇక మన ఊళ్లలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడయ్యే నీలం చొక్కా, అంటే భారత క్రికెట్ జెర్సీ సంగతి. దీని కాలం చెప్పడానికి లోపలి పట్టీ కూడా అక్కర్లేదు, రొమ్ము మీది రెండు పేర్లు చాలు. కిట్ తయారు చేసే సంస్థ ఒకటి, మధ్యలో స్పాన్సర్ ఇంకొకటి. నైకీ 2020 దాకా కిట్ ఇచ్చింది. తర్వాత 2023 మొదటిదాకా ఎంపీఎల్ స్పోర్ట్స్, కొన్ని నెలలు కిల్లర్, 2023 జూన్ నుంచి అడిడాస్. స్పాన్సర్లలో సహారా 2013తో ముగిసింది. 2014 నుంచి స్టార్, 2017 నుంచి ఒప్పో, 2019 సెప్టెంబరు నుంచి 2023 మార్చి వరకు బైజూస్, 2023 జూలై నుంచి 2025 ఆగస్టు వరకు డ్రీమ్11, 2025 సెప్టెంబరు నుంచి అపోలో టైర్స్.

ఈ రెండు వరసలను పక్కపక్కన పెడితే లెక్క తేలిపోతుంది. నైకీ గుర్తు, బైజూస్ పేరు కలిసి ఉన్న జెర్సీ ఉండటానికి వీలుంది, 2019 సెప్టెంబరుకూ 2020కీ మధ్య. అడిడాస్ మూడు గీతలతో బైజూస్ పేరు ఉందంటే అది ఎప్పుడూ లేని జెర్సీ, ఎందుకంటే బైజూస్ మార్చిలో పోయింది, అడిడాస్ జూన్‌లో వచ్చింది. నైకీతో డ్రీమ్11 కూడా అంతే. స్పాన్సర్ పేరే లేకుండా మధ్యలో పెద్దగా ‘ఇండియా’ అని మాత్రమే ఉంటే తొందరపడి నకిలీ అనొద్దు. ఐసీసీ టోర్నీల్లో స్పాన్సర్ పేరు రొమ్ము మీద ఉండదు, అడిడాస్ కిట్ మొదటిసారి కనిపించిన 2023 జూన్ టెస్ట్ చాంపియన్‌షిప్ ఫైనల్‌లోనూ లేదు.

పాత బట్టల విషయానికొస్తే, విదేశాల నుంచి బేళ్లలో వచ్చే వాడిన దుస్తులు కాండ్లా, పానిపట్ లాంటి చోట్ల వేరు చేశాక కొన్ని హైదరాబాద్ రోడ్ల మీదికి, అక్కడి నుంచి మన అంగళ్లకూ చేరుతుంటాయి. వీటిలో ముప్పై నలభై ఏళ్ల నాటి అసలు సరుకు దొరుకుతుంది, పాతదని అబద్ధమాడి అమ్మే కొత్త సరుకూ దొరుకుతుంది. దేశం పేరే ఇక్కడ మొదటి ఆధారం. ‘పశ్చిమ జర్మనీలో తయారైంది’ అని ఉంటే 1990 అక్టోబరు 3కు ముందుది, చెకొస్లొవేకియా అని ఉంటే 1993కు ముందుది. ఉతికే పద్ధతి చెప్పే పట్టీని అమెరికా 1972 నుంచి తప్పనిసరి చేసింది. మాటలు లేకుండా ఉత్త బొమ్మలతో సరిపెట్టడానికి అక్కడ అనుమతి వచ్చింది 1990ల చివర్లో. పట్టీ మీద వెబ్‌సైట్ చిరునామా ఉంటే 1990ల నడిమికి ముందుది కాదు. అడిడాస్ మూడాకుల గుర్తు 1972 నుంచి జనంలో ఉంది. అయితే ఆ కంపెనీ ఇప్పటికీ పాత డిజైన్లను అదే గుర్తుతో కొత్తగా అమ్ముతోంది కాబట్టి మూడాకులు చూసి పాతదనుకోవద్దు. నైకీలో 1980ల తొలి సగంలో మెడ పట్టీ నీలం, 80ల చివర, 90ల మొదట్లో బూడిద రంగు. పశ్చిమ జర్మనీ పేరు, రీసైకిల్డ్ పాలిస్టర్ అనే మాట, క్యూఆర్ కోడ్ ఒకే చొక్కా మీద కనిపిస్తే దాన్ని పాత పట్టీల నమూనా చూసి ఈ మధ్యే కుట్టారని అర్థం.

‘ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్’ అనే మాటను కూడా ఇలాగే తూకం వేయాలి. ఎగుమతి కోసం దుస్తులు కుట్టే తిరుప్పూర్‌లాంటి చోట్ల నిజంగా మిగులు సరుకు ఉంటుంది. కానీ మిగులు అంటే మిగిలినదే: ఒక సైజు ఉంటే ఇంకోటి ఉండదు, రెండు రంగులకు మించి దొరకదు, చాలాసార్లు పట్టీ సగం కత్తిరించి ఉంటుంది, రూపాయల్లో ధర స్టిక్కరు ఉండదు. ఎస్ నుంచి డబుల్ ఎక్స్‌ఎల్ దాకా, ఎనిమిది రంగుల్లో, కొత్త ట్యాగులతో, ఎన్ని కావాలంటే అన్ని ఇస్తానంటే అది మిగులు కాదు. దాన్ని నకిలీ కోసమే నడుస్తున్న కార్ఖానా నుంచి తెచ్చి ఉంటారు. ‘ఫస్ట్ కాపీ’ అని అమ్మేవాడైతే కనీసం కాపీ అని ఒప్పుకుంటున్నాడు. ₹300 సరుకును అసలుదని చెప్పి ₹1,500కు అంటగట్టేవాడి చేతిలో కొనేవాళ్లు ఎక్కువ నష్టపోతారు.

పెద్ద విదేశీ కంపెనీ లాభం పోతే మనకేమిటనే వాదన తరచూ వినిపిస్తుంది. ఉమ్మడి నల్లగొండ జిల్లా వాళ్లు ఆ మాట అనకూడదు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లయినా, అదే డిజైన్‌ను అచ్చు వేసిన మిల్లు బట్ట పోచంపల్లి పేరుతో మన బజార్లలోనే అమ్ముడవుతోంది. అసలు ఇక్కత్‌లో నూలుకే రంగు అద్దుతారు కాబట్టి రెండు వైపులా రంగు సమానంగా ఉంటుంది, అచ్చు బట్ట వెనక వెలవెలబోతుంది. మగ్గం మీద నెలల తరబడి కూర్చున్న మనిషి కూలి అక్కడ పోతోంది. నకిలీకి అలవాటు పడిన బజారు ఎవరి గుర్తునూ వదలదు.

ఊరి టోర్నీకి జట్టు బట్టలు కావాలంటే దొంగ గుర్తు అవసరమే లేదు. మన పట్టణాల్లోని జెర్సీ ప్రింటర్ల దగ్గర సబ్లిమేషన్ పద్ధతిలో, అంటే వేడితో రంగును బట్టలోకి ఎక్కించే పద్ధతిలో, సొంత పేరు, ఊరి పేరు, నంబరుతో వేయించుకోవచ్చు. బట్ట చదరపు మీటరుకు 140 నుంచి 160 గ్రాములది అడగాలి. నీటి చుక్క పరీక్ష చేసిన ముక్కనే ఖాయం చేయాలి. డబ్బు కట్టే ముందు ఒక నమూనా షర్టు రెండుసార్లు ఉతికి చూడాలి. సబ్లిమేషన్ రంగు పోగులోకి దిగుతుంది కాబట్టి పొరలుగా లేవదు, పగుళ్లివ్వదు.

మోసపోయామని తేలితే దారులున్నాయి. 1999 ట్రేడ్ మార్కుల చట్టం 103, 104 సెక్షన్ల ప్రకారం దొంగ గుర్తు వేయడం, అలాంటి సరుకు అమ్మడం నేరాలు. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, ₹50,000 నుంచి ₹2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. కొన్నవాళ్లు మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ₹5 లక్షల లోపు విలువైన కేసుకు ఫీజు లేదు. అయితే ఎక్కడికెళ్లినా ముందు అడిగేది బిల్లు. చాలా బిల్లుల మీద ‘టీషర్టు - 1’ అని మాత్రమే ఉంటుంది, దానితో ఏదీ రుజువు కాదు. డబ్బు ఇచ్చే ముందే బిల్లు మీద బ్రాండ్ పేరు, లోపలి పట్టీ మీది ఆర్టికల్ సంఖ్య రాయమని అడగాలి. అసలు సరుకు అమ్మేవాడికి అది అర నిమిషం పని. రాయనంటే షర్టు అక్కడే పెట్టి రావాలి.